ఆముదానికీ కొబ్బరి నూనెకూ ఒకే మైనమా? క్రీముల తయారీ శిక్షణ నడుపుతున్న అధికారులకు, శిక్షకులకు, ముడిసరుకు వ్యాపారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మహిళా సంఘాలకు సబ్బులు, క్రీములు, లోషన్ల తయారీ నేర్పించి, వారి ఊళ్లో పండే నూనెగింజలకు వారి చేతులతోనే విలువ పెంచాలన్న మీ ఉద్దేశం మంచిది. కానీ ఏ నూనెతోనైనా ఒకే కొలతతో క్రీము చేయవచ్చని ఆ శిక్షణలో చెబుతున్న మాట తప్పు. ఆ ఉద్దేశం మీద నమ్మకంతోనే నేను ఈ విషయాన్ని ముందుగా సంబంధిత కార్యాలయానికి రెండుసార్లు రాతపూర్వకంగా తెలియజేశాను. మొదటి లేఖకు అందినట్లు రసీదు ఇచ్చారు, రెండవదానికి అదీ ఇవ్వలేదు. పద్నాలుగు నెలలు గడిచిపోయాయి. ఈలోగా అదే శిక్షణ, అదే కాగితం మీద అచ్చయిన అవే కొలతలతో, మరో నాలుగు మండలాల్లో జరిగింది. అందువల్ల ఈ సంగతిని అందరి ముందూ పెట్టక తప్పలేదు.

నేను నూనెలు, కొవ్వుల సాంకేతిక శాస్త్రం చదువుకుని, 26 ఏళ్లు క్రీములు, లోషన్ల తయారీలో పనిచేసి విరమించినదాన్ని. ఇప్పుడు మా చుట్టుపక్కల సంఘాలవారు అడిగితే వెళ్లి నాకు తెలిసినది చెబుతాను. అందుకు డబ్బు తీసుకోను, ఏ కంపెనీ సరుకూ అమ్మను.

జరిగినది ఇది. మా దగ్గరి ఒక గ్రామంలో పన్నెండు మంది సభ్యులున్న సంఘం ఐదు రోజుల శిక్షణ పొందింది. శిక్షణలో 20 గ్రాముల లిక్విడ్ పారఫిన్ (పెట్రోలియం నుంచి తీసే ఖనిజ నూనె), 6 గ్రాముల ‘ఎమల్సిఫైయింగ్ వాక్స్’ (నూనెనూ నీటినీ కలిపి ఉంచే మైనం), మిగతా నీళ్లు కలిపి, వేడిచేసి, చిలికి, తెల్లని క్రీము తీసి చూపించారు. అది బాగానే కుదిరింది. ఇంటికి వెళ్లాక ఏ నూనెతోనైనా ఇదే కొలతతో చేసుకోవచ్చని చెప్పారు. ఆ ఊళ్లో పండేది ఆముదాలు. కాబట్టి వారు పారఫిన్ స్థానంలో తమ గానుగ ఆముదాన్ని పోసి, పగిలిన మడమలకు రాసుకునే క్రీము చేశారు. చేసిన రోజున అది చూడముచ్చటగా ఉంది. మూడో వారంలో డబ్బా అంచు వెంట నూనె ఊరడం మొదలైంది. మే నెల వచ్చేసరికి పైన పసుపు పచ్చని ఆముదం, అడుగున మబ్బు నీళ్లు, మధ్యలో పెరుగు విరిగినట్లు తరకలు మిగిలాయి. 600 డబ్బాల్లో దాదాపు అన్నీ వెనక్కి వచ్చాయి. ఆ మహిళలు శిక్షణ కేంద్రానికి వెళ్లి అడిగితే ‘మీరు సరిగా చిలకలేదు’ అన్నారు. రెండోసారి వెళితే ‘మైనం ఇంకాస్త ఎక్కువ వేయండి’ అన్నారు.

వారు సరిగానే చిలికారు. నేను వారి వంటింట్లో కూర్చుని మళ్లీ చేయించి చూశాను. వేడి సరిపోయింది, నూనె భాగమూ నీటి భాగమూ రెండూ 75 డిగ్రీల దగ్గర కలిశాయి, చల్లారే వరకూ కలియబెట్టారు. లోపం వారు కాగితం ప్రకారం వేసిన ఆ మైనానికీ వారి నూనెకూ పొత్తు కుదరకపోవడంలో ఉంది. ఆ కాగితంలో ఈ పొత్తు గురించి ఒక్క వాక్యం కూడా లేదు.

ఈ పొత్తు ఏమిటో కొంచెం వివరంగా చెప్పడానికి అనుమతించండి, ఎందుకంటే నా అభ్యర్థనలన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

నూనె, నీరు వాటంతట అవి కలవవు. ఒకదాన్ని సన్నని బిందువులుగా విడగొట్టి మరొకదానిలో నిలిపి ఉంచిన మిశ్రమాన్ని ఎమల్షన్ అంటాం. మనందరికీ తెలిసిన ఎమల్షన్ పాలు. పాలలో కొవ్వు బిందువుల చుట్టూ మాంసకృత్తులు, ఫాస్ఫోలిపిడ్లు పలుచని పొరగా నిలబడి అవి ఒకదానితో ఒకటి అంటుకోకుండా కాపాడతాయి. చిలికినప్పుడు ఆ పొర దెబ్బతిని కొవ్వంతా ఒకచోటికి చేరి వెన్నగా తేలుతుంది. పాలు నీటిలో నూనె ఉన్న రకమైతే, వెన్న నూనెలో నీరు ఉన్న రకం. క్రీములో పాలలోని ఆ పొర చేసే పనిని ఎమల్సిఫైయర్ చేస్తుంది. దాని అణువుకు ఒక కొస నీటిని, మరో కొస నూనెను ఇష్టపడుతుంది. ఏ కొస బలం ఎంత అన్నదాన్ని బట్టి అది ఏ నూనెకు నప్పుతుందో తేలుతుంది.

ఈ బలాబలాలను ఒక అంకెగా చెప్పే పద్ధతిని అమెరికాలో అట్లాస్ పౌడర్ కంపెనీలో పనిచేసిన విలియం గ్రిఫిన్ 1949లో ప్రకటించారు. దాన్ని హెచ్ఎల్‌బీ (హైడ్రోఫైల్-లైపోఫైల్ బ్యాలెన్స్, అంటే నీటి మక్కువకూ నూనె మక్కువకూ మధ్య తూకం) అంటారు. సున్నా నుంచి 20 దాకా ఉండే ఆ కొలతలో అంకె తక్కువైతే నూనె వైపు మొగ్గు, ఎక్కువైతే నీటి వైపు మొగ్గు. 3 నుంచి 6 మధ్య ఉన్నవి నూనెలో నీటిని నిలిపే క్రీములకు, 8కి పైన ఉన్నవి నీటిలో నూనెను నిలిపే క్రీములకు పనికొస్తాయి. స్పాన్ 80 అని అమ్మే సార్బిటాన్ ఓలియేట్ అంకె 4.3. ట్వీన్ 80 అని అమ్మే పాలీసార్బేట్ అంకె 15. గ్లిసరిల్ మోనోస్టియరేట్ 3.8 దగ్గర ఉంటుంది.

అలాగే ప్రతి నూనెకూ, అది నీటిలో నిలకడగా నిలవడానికి కావలసిన అంకె ఒకటి ఉంటుంది. వాడుకలో ఉన్న పట్టికల ప్రకారం కొబ్బరి నూనెకు సుమారు 8, నువ్వుల నూనెకూ పొద్దుతిరుగుడు నూనెకూ సుమారు 7, తేనెమైనానికి 12, ఆముదానికి 14. ఆముదానికి ఇంత ఎక్కువ ఎందుకంటే, దాని కొవ్వు ఆమ్లాల్లో నూటికి 85కి పైగా రిసినోలిక్ ఆమ్లమే. ఆ ఆమ్లపు గొలుసు మధ్యలో నీటిని ఇష్టపడే ఒక హైడ్రాక్సిల్ గుంపు ఉంది. మిగతా నూనెలకు లేని ఆ గుంపు వల్లనే ఆముదం అంత చిక్కగా ఉంటుంది, గాఢమైన ఆల్కహాల్‌లో కరుగుతుంది, నీటి వైపు కొంచెం ఒరిగి ఉంటుంది. మన పెద్దవాళ్లు ఆముదాన్ని మిగతా నూనెలతో ఏనాడూ ఒక గాటన కట్టలేదు. శిక్షణ కాగితం కట్టింది.

ఈ తేడా చేతిలో ఎంత కనిపిస్తుందో ఒక లెక్క చూడండి. స్పాన్ 80, ట్వీన్ 80 జతనే తీసుకుందాం. కొబ్బరి నూనెకు కావలసిన 8 రావాలంటే ఆ జతలో ట్వీన్ సుమారు 35 శాతం, స్పాన్ 65 శాతం ఉండాలి. ఆముదానికి కావలసిన 14 రావాలంటే ట్వీన్ 91 శాతం, స్పాన్ 9 శాతం ఉండాలి. ఒకదానికి మూడో వంతు, మరొకదానికి పదింట తొమ్మిది వంతులు. ఇక నూనె భాగంలో కొబ్బరి నూనె 60 శాతం, ఆముదం 20 శాతం, తేనెమైనం 20 శాతం కలిస్తే, 4.8, 2.8, 2.4 కూడితే 10 వస్తుంది. అప్పుడు ట్వీన్ 53 శాతం కావాలి. కూడిక, గుణకారం వచ్చిన ఎవరైనా చేయగల లెక్క ఇది. సంఘం పుస్తకాల్లో వడ్డీ లెక్కలు రాసే మహిళలకు ఇది కష్టమని నాకు ఎవరూ చెప్పకండి.

హెచ్ఎల్‌బీ ఒక్కటే సర్వస్వమని నేను అనడం లేదు. అది ఏ పాళ్లలో కలపాలో చెబుతుంది గానీ, మొత్తం ఎంత వేయాలో చెప్పదు. సాధారణంగా నూనె భాగం బరువులో ఐదో వంతుతో మొదలుపెట్టి పరీక్షల ద్వారా సర్దుకుంటాం. ఒకే అంకె ఉన్న రెండు ఎమల్సిఫైయర్లు ఒకే నూనెతో వేరుగా ప్రవర్తించడమూ ఉంది. ట్వీన్ల వంటివి వేడెక్కిన కొద్దీ నీటి మీద మక్కువ కోల్పోయి నూనె వైపు జరుగుతాయి, అంటే మే నెలలో వాటి స్వభావమే కొంత మారుతుంది. జపాన్ రసాయనవేత్త షినోడా 1964లో దీన్నే ఆధారంగా చేసుకుని ఎమల్షన్ తలకిందులయ్యే ఉష్ణోగ్రతను కొలిచే పద్ధతి చూపించారు. అయినా మొదటి అడుగు వేయడానికి ఆ అంకె చాలు. ఆ అడుగు కూడా వేయించకుండా మహిళలను మార్కెట్లోకి పంపడమే నా ఫిర్యాదు.

మరో సంగతి. ‘ఎమల్సిఫైయింగ్ వాక్స్’ అన్న పేరు ఒక పదార్థానికి మాత్రమే చెందినది కాదు. బ్రిటిష్ ఫార్మకోపియా చెప్పే మైనంలో 90 పాళ్లు సీటోస్టియరిల్ ఆల్కహాల్ (మైనంలా గట్టిగా ఉండే కొవ్వు ఆల్కహాల్), 10 పాళ్లు సోడియం లారిల్ సల్ఫేట్ (షాంపూల్లో నురగకు వాడేది) ఉంటాయి. అమెరికా ప్రమాణం చెప్పేదానిలో సల్ఫేట్ ఉండదు, పాలీసార్బేట్ వంటిది ఉంటుంది. మొదటిది విద్యుదావేశం ఉన్నది, రెండవది లేనిది. మొదటిదాన్ని జుట్టు కండిషనర్లలో వాడే ధనావేశ పదార్థాలతో కలిపితే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని క్రీము విరిగిపోతుంది. మా ప్రాంతంలో మహిళలకు అమ్ముతున్న పాకెట్ల మీద ‘ఇ-వాక్స్, 1 కిలో’ అని తప్ప మరేమీ ఉండడం లేదు. లోపల ఉన్నది రెండింటిలో ఏదో కొన్నవారికి తెలియదు. నేను విచారించిన ఇద్దరు దుకాణదారులకూ తెలియదు.

ఈ పరిస్థితి వల్ల సామాన్యులకు కలుగుతున్న నష్టాలు ఇవి.

1. అప్పు మహిళల నెత్తిన మిగులుతోంది. నేను చెప్పిన సంఘం బ్యాంకు రుణం తీసుకుని మిక్సర్, డబ్బాలు, లేబుళ్లు కొన్నది. సరుకు విరిగిపోయినా వాయిదా ఆగలేదు. నలుగురు సభ్యులు కూలి డబ్బుల్లోంచి వాయిదా కట్టారు, ఒకరు చెవి దిద్దులు తాకట్టు పెట్టారు. ఇంతకంటే నన్ను బాధించినది వేరే ఉంది. తమకే చేతకాలేదని వారు నమ్మారు. తప్పు కాగితానిదని చెప్పేవారు లేక, ఆ పన్నెండు మంది ఒకరినొకరు నిందించుకుని, సంఘం సమావేశానికి రావడం మానేశారు. సంఘం అధ్యక్షురాలు నన్ను చూసి మొదట అడిగిన ప్రశ్న ‘అక్కా, మా చెయ్యి మంచిది కాదా?’ అని.

2. వాడేవారి చర్మానికి ముప్పు ఉంది. విరిగిన క్రీములో నీరు ఒకచోట చేరుతుంది. బూజు, బ్యాక్టీరియా పెరిగేది ఆ నీటిలోనే. క్రీములో వేసిన సంరక్షక పదార్థంలో కొంత నూనెలోకి జారిపోతుంది. సంరక్షకాలుగా పారబెన్లు అనే రసాయనాలు వాడితే, ట్వీన్ వంటి ఎమల్సిఫైయర్లు వాటిని కట్టిపడేసి పనిచేయకుండా చేయడం కూడా ఈ రంగంలో చాలాకాలంగా తెలిసిన విషయమే. ‘మైనం ఇంకాస్త ఎక్కువ వేయండి’ అన్న సలహా ఇక్కడ మరింత ప్రమాదకరం, ఎందుకంటే అవసరానికి మించిన ఎమల్సిఫైయర్ చర్మంలోని సహజమైన కొవ్వునే కడిగేస్తుంది. సోడియం లారిల్ సల్ఫేట్ ఉన్న మైనంతో చేసిన ఆక్వియస్ క్రీము (పొడి చర్మానికి రాసే క్రీము) వల్ల, ముఖ్యంగా తామర (ఎగ్జిమా) ఉన్న పిల్లల్లో, చర్మం మండడం, ఎర్రబడడం జరుగుతోందని బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2013లో వైద్యులను హెచ్చరించింది. మన సంఘాలు చేస్తున్న క్రీముల్లో ‘పసిపిల్లలకు కూడా వాడవచ్చు’ అని రాసి ఉన్న డబ్బాలు నేను చూశాను. అందులో ఏ మైనం ఉందో చేసినవారికే తెలియనప్పుడు ఆ మాట ఎవరు పూచీ పడి రాసినట్లు?

3. మన నూనెలకు చెడ్డపేరు వస్తోంది. పాలమూరు, నల్లగొండ ఆముదం, ఏజెన్సీ గ్రామాల ఇప్ప నూనె, ఇంటింటి వేప, కానుగ నూనెలు క్రీములకు పనికిరావని, పారఫిన్ అయితేనే కుదురుతుందని శిక్షకులే చెప్పడం విన్నాను. పారఫిన్‌తో కుదిరిన కొలతను ఆముదం మీద రుద్ది, కుదరకపోతే ఆముదాన్ని తప్పుపట్టడం అన్యాయం. ఆ మాట గింజలు ఏరి గానుగకు తెచ్చే గిరిజన కుటుంబాల రాబడిని తగ్గిస్తుంది.

4. ‘సహజం’ అన్న మాట మీద జనానికి ఉన్న నమ్మకం పోతోంది. తేనెమైనం వేస్తే నూనె, నీరు వాటంతట అవే కలుస్తాయని కొందరు శిక్షకులు చెబుతున్నారు. తేనెమైనం దానంతట అది ఎమల్సిఫైయర్‌గా పనిచేయదు. వెలిగారం (బోరాక్స్) కలిపినప్పుడు మైనంలోని స్వేచ్ఛామ్లాలు సబ్బుగా మారి, ఆ సబ్బు ఎమల్సిఫైయర్‌గా పనిచేస్తుంది. పాతకాలపు కోల్డ్ క్రీముల రహస్యం అదే. సగం చెప్పిన రహస్యం పూర్తి అబద్ధమంత హాని చేస్తోంది.

నీటి గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే శిక్షణ కాగితంలో ‘నీరు: తగినంత’ అని మాత్రమే ఉంది. 1919లో బొంబాయిలో పాటన్‌వాలా గారు మొదలుపెట్టిన అఫ్గాన్ స్నో కాలం నుంచి మన ఇళ్లలో ‘స్నో’ అని పిలుచుకున్న తరహా క్రీములను స్టియరిక్ ఆమ్లంలో కొంత భాగాన్ని క్షారంతో సబ్బుగా మార్చి చేస్తారు. ఇప్పటికీ చౌకగా చేయగలిగిన పద్ధతి అదే కాబట్టి చాలా సంఘాలు దాన్నే అనుసరిస్తున్నాయి. అటువంటి క్రీములో మన బోరు నీళ్లు పోస్తే, అందులోని కాల్షియం, మెగ్నీషియం ఆ సబ్బుతో కలిసి నీటిలో కరగని సబ్బు అవుతుంది. అది నీటిలో నూనెను నిలపడం మాని నూనెలో నీటిని నిలపడానికి ప్రయత్నిస్తుంది, క్రీము తలకిందులై విరుగుతుంది. బట్టల సబ్బు నురగ రాకుండా తెట్టు కట్టే నీళ్లు ఉన్న ఊళ్లో ఇది తప్పదు. నిమ్మరసం కలిపినా ఇదే గతి, ఆమ్లం ఆ సబ్బును మళ్లీ స్టియరిక్ ఆమ్లంగా మార్చేస్తుంది. ‘నిమ్మ, కలబంద కలిపితే గిరాకీ ఎక్కువ’ అని చెప్పిన శిక్షకుడు ఆ రెండవ సగం కూడా చెప్పి ఉండవలసింది.

వాతావరణం కూడా మనది మెత్తనిది కాదు. రెంటచింతలలో, రామగుండంలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, రేకుల కప్పు కింద ఉన్న దుకాణంలో అంతకంటే ఎక్కువ. లంబసింగిలో, ఆదిలాబాద్‌లో చలికాలం రాత్రి కొబ్బరి నూనె సీసాలోనే గడ్డకడుతుంది, దాని ద్రవీభవన స్థానం 24 డిగ్రీల దగ్గర. క్రీములోని బిందువు లోపల కొబ్బరి నూనె గడ్డకట్టినప్పుడు దాని స్ఫటికాల మొనలు చుట్టూ ఉన్న పొరను చీలుస్తాయి. మళ్లీ కరిగినప్పుడు పక్కపక్క బిందువులు కలిసిపోతాయి. కాబట్టి ఎండాకాలం ఒక్కటే చూసి ఊరుకుంటే చాలదు. బిందువు ఎంత పెద్దదైతే అంత వేగంగా పైకి తేలి మీగడ కడుతుంది. వ్యాసార్ధం రెట్టింపైతే ఆ వేగం నాలుగు రెట్లు అవుతుందని స్టోక్స్ సూత్రం చెబుతుంది. మీగడ కట్టిన దశలో కలియబెడితే క్రీము మళ్లీ కలుస్తుంది. బిందువులు కలిసిపోయి పైన నూనె తేలాక ఇక ఏమీ చేయలేం. వెనక్కి వచ్చిన డబ్బాల్లో ఏది ఏ దశలో ఉందో గుర్తించడం నేర్పి ఉంటే, ఆ సంఘం కొంత సరుకునైనా కాపాడుకునేది.

నేను ఆ సంఘంతో కలిసి చేసిన పరీక్షను ఇక్కడ రాస్తున్నాను, ఎవరైనా చేసి చూడవచ్చు. ఎనిమిది గాజు సీసాలు తీసుకున్నాం. ప్రతిదానిలో 20 గ్రాముల ఆముదం, 4 గ్రాముల ఎమల్సిఫైయర్ జత, 76 గ్రాముల డిస్టిల్డ్ నీరు. జతలో ట్వీన్ పాలు మాత్రం 35, 44, 53, 63, 72, 81, 91, 100 శాతంగా మార్చాం, అంటే అంకె 8 నుంచి 15 దాకా. అన్నింటినీ ఒకేలా వేడిచేసి, ఒకే మిక్సర్‌తో ఒకే సమయం చిలికి, గూట్లో వరుసగా పెట్టాం. మర్నాటి ఉదయానికే అంకె 8, 9 ఉన్న సీసాల్లో ఆముదం విడిపోయింది. అంకె 14 ఉన్న సీసా అన్నింటికంటే ఎక్కువ కాలం తెల్లగా నిలిచింది. ఆ పాళ్లతో, చిక్కదనానికి సీటోస్టియరిల్ ఆల్కహాల్, నీటి భాగంలో కొద్దిగా జాంథాన్ గమ్ అనే జిగురు చేర్చి చేసిన క్రీము, 45 డిగ్రీల వేడిలో నెల రోజులు, ఆపైన ఫ్రిజ్‌లోనూ బయటా మార్చి మార్చి ఐదు విడతలు ఉంచినా చెక్కుచెదరలేదు. ఈ పరీక్షకు పట్టింది రెండు రోజుల పని, 0.01 గ్రాము తూచే ఒక చిన్న త్రాసు, ఎనిమిది సీసాలు. ‘అదే చెయ్యితో చేశాం అక్కా’ అని ఆ అధ్యక్షురాలు ఆ సీసాను పట్టుకుని కూర్చున్న దృశ్యం నేను మరచిపోలేను.

ఇక నా అభ్యర్థనలు. వీటిని డిమాండ్లు అన్నా నాకు అభ్యంతరం లేదు.

1. ఇప్పుడు పంచుతున్న ‘ఏ నూనెకైనా ఒకే కొలత’ కాగితాన్ని వెంటనే ఉపసంహరించండి. దాని ప్రకారం శిక్షణ పొందిన సంఘాలన్నింటికీ, ఆ కొలత చూపించిన నూనెకు తప్ప మిగతావాటికి వర్తించదని రాతపూర్వకంగా తెలియజేయండి. లోపం తయారుచేసిన మహిళలది కాదని ఆ లేఖలోనే స్పష్టంగా రాయండి. ఈ ఒక్క వాక్యానికి ఖర్చేమీ లేదు, మిగతా అన్నింటికంటే ముందు ఇది జరగాలని కోరుతున్నాను.

2. శిక్షణలో ఎనిమిది సీసాల పరీక్షకు రెండు రోజులు కేటాయించండి. ప్రతి సంఘమూ తాను అమ్మబోయే నూనెతో, తన ఊరి నీటితోనూ డిస్టిల్డ్ నీటితోనూ విడివిడిగా, ఆ పరీక్ష తన చేత్తో చేయాలి. ఐదు రోజుల్లో దీనికి చోటు లేదంటే, ఇప్పుడు పెట్టెల అలంకరణకు, లేబుళ్ల రంగులకు ఇస్తున్న రోజును తగ్గించండి.

3. మన నూనెలకు మన పట్టిక కావాలి. విదేశీ పట్టికల్లో బాదం, జొజోబా, ఆలివ్ తేలికగా దొరుకుతాయి. వేప, కానుగ, ఇప్ప, తవుడు నూనెల కోసం వెతుక్కోవాలి. పైగా గానుగ నూనెలో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు, జిగురు పదార్థాలు, తేమ విడత విడతకూ మారుతుంటాయి, శుద్ధిచేసిన నూనెకు వేసిన అంకె దానికి అచ్చంగా సరిపోదు. హైదరాబాదులో 1944 నుంచి పనిచేస్తున్న, నూనెలు, కొవ్వుల పరిశోధనలో పేరున్న ఐఐసీటీ (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ) ఉంది. అనంతపురంలో జేఎన్‌టీయూ ఆధ్వర్యంలో నూనెల సాంకేతిక పరిశోధన సంస్థ ఉంది. ఇంత దగ్గర ఇంత విద్య ఉండగా మన మహిళలు ఎవరో ఇచ్చిన ఒక్క కాగితం మీద ఆధారపడడం సరికాదు. ఈ సంస్థలను అధికారికంగా కోరి, కనీసం పది స్థానిక నూనెలకు, గానుగ రకానికీ శుద్ధిచేసిన రకానికీ వేరువేరుగా, కావలసిన అంకెలను కొలిపించి, తెలుగులో అచ్చువేసి, ఉచితంగా పంచండి.

4. ముడిసరుకు వ్యాపారులారా, ఈ అంశం మీకు. ఎమల్సిఫైయర్ పాకెట్ మీద అది ఏ రసాయనమో, మిశ్రమమైతే అందులో ఏమేమి ఉన్నాయో, విద్యుదావేశం ఉన్నదో లేనిదో, హెచ్ఎల్‌బీ ఎంతో, ఏ విడత సరుకో తెలుగులో రాయండి. సీటియరిల్ ఒలివేట్, సార్బిటాన్ ఒలివేట్ మిశ్రమం వంటి కొత్త సహజ ఎమల్సిఫైయర్లకు ఆ అంకె అంతగా వర్తించదు. అక్కడ తయారీదారు ఇచ్చిన వాడకం సూచనల ప్రతిని సరుకుతో పాటే ఇవ్వండి. పెద్ద కంపెనీలు కొన్నప్పుడు ఈ కాగితాలన్నీ అడగకుండానే ఇస్తారు. కిలో కొనే మహిళకు కూడా అదే హక్కు ఉంది.

5. అమ్మకానికి ముందు నిలకడ పరీక్ష తప్పనిసరి చేయండి. చర్మపు క్రీములకు భారత ప్రమాణం ఐఎస్ 6608 ఉంది, అందులో వేడికి నిలకడ పరీక్ష కూడా ఉంది. ఒక్కో సంఘం సొంతంగా ఇంక్యుబేటర్ (సరుకును ఒకే వేడిలో ఉంచే పెట్టె) కొనుక్కోలేదు. జిల్లాకు ఒకచోట, ఫార్మసీ కళాశాలలోనో పాలిటెక్నిక్‌లోనో, ఒక ఇంక్యుబేటర్, నిమిషానికి 3000 సార్లు తిరిగి, క్రీము విడిపోతుందో లేదో త్వరగా చూపే ఒక సెంట్రిఫ్యూజ్, ఒక పీహెచ్ మీటర్ అందుబాటులో ఉంచి, సంఘాల సరుకును నామమాత్రపు రుసుముకు పరీక్షించే ఏర్పాటు చేయండి. సూక్ష్మజీవుల పరీక్షను కూడా దీనికే జోడించండి.

6. సౌందర్య సాధనాలను తయారుచేసి అమ్మాలంటే 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం రాష్ట్ర లైసెన్సింగ్ అధికారి నుంచి అనుమతి ఉండాలి. ఈ సంగతి శిక్షణ మొదటి రోజునే చెప్పండి. నేను చెప్పిన సంఘానికి ఇది సరుకు వెనక్కి వచ్చాక తెలిసింది.

7. కాగితం కొలత ప్రకారం చేసి నష్టపోయిన సంఘాలను గుర్తించి, వారి రుణ వాయిదాలకు కనీసం ఒక ఏడాది గడువు ఇప్పించండి. ముడిసరుకు నష్టానికి పరిహారం ఇవ్వండి. నష్టం ఎంతమందికి జరిగిందో లెక్క మీ దగ్గరే ఉంటుంది, ఎందుకంటే ఎవరికి ఏ శిక్షణ ఇచ్చారో హాజరు పట్టీలు మీ వద్దనే ఉన్నాయి.

శిక్షకులకు ఒక మాట. మీలో చాలామంది మీకు ఇచ్చిన కాగితాన్నే చదివి చెప్పారని, మీకూ ఎవరూ వివరించలేదని నాకు తెలుసు. మీ మీద నాకు కోపం లేదు. కానీ సరుకు విరిగిందని మహిళలు మీ గుమ్మం ముందుకు వచ్చినప్పుడు ‘సరిగా చిలకలేదు’ అనే ముందు, ఏ నూనె వాడారని ఒక్కసారి అడగండి. ఆ ఒక్క ప్రశ్న ఆ రోజు అడిగి ఉంటే, ఆ మహిళలు తమ చేతినే తప్పుపట్టుకునేవారు కాదు.

ఈ లేఖతో పాటు ఎనిమిది సీసాల పరీక్ష కొలతల పట్టికను, 45 డిగ్రీల వద్ద వారం వారం తీసిన ఫొటోలను, నా రెండు పాత లేఖల ప్రతులను సంబంధిత కార్యాలయానికి మరోసారి పంపుతున్నాను. అధికారులు కోరిన రోజున, కోరిన చోట, వారు తెచ్చిన నూనెతో ఈ పరీక్ష వారి కళ్లముందు చేసి చూపడానికి నేనూ ఆ సంఘం సభ్యులూ సిద్ధంగా ఉన్నాం. తదుపరి విడత శిక్షణ మొదలయ్యేలోగా మొదటి రెండు అంశాల మీద రాతపూర్వకమైన సమాధానం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
విశ్రాంత సౌందర్య సాధనాల రసాయనవేత్త